అగ్నిపర్వతమును వెలుగుతో కొలుచుట



గోలకొండకోటకును పురానాపూల్ వంతెనకును నడుమ, మూసీనది చెంత, కార్వాన్ అను పేట కలదు. కుతుబ్‌షాహీల కాలమున ఇచ్చటి వర్తకుల చేతులమీదుగా వజ్రములు దేశదేశములకు పోయెడివి. ఆ వజ్రములు భూగర్భమున నూటయేబది కిలోమీటర్లకు మించిన లోతున పుట్టి, కరగిన శిలతోకూడ పైకి తన్నుకొనివచ్చినవి. అనంతపురము జిల్లా వజ్రకరూరు కడ అట్టి అగ్నిశిలానాళములు నేటికిని కానవచ్చును. వాని వయస్సు సుమారు 110 కోట్ల సంవత్సరములు. దక్కనుసీమలో నల్లరేగడికి మూలమైన రాయియు సుమారు 6.6 కోట్ల యేండ్లక్రిందట పారి గడ్డకట్టిన లావాయే. కావున అగ్నిపర్వతమనునది మనకు కేవలము పరదేశపు వింత కాదు.

మనవి చల్లారినవి. మేలుకొనియున్నదానిని కొలుచు టెట్లు? 1815లో లాంబ్టన్ దొర బీదరు సమీపమున ఉక్కుగొలుసుతో ఆధారరేఖను కొలిపించెను. పొగలు గ్రక్కు కొండపై గొలుసు పరచువా డెవ్వడు?

నూతిలో రాయివైచి, చప్పుడు వినవచ్చువరకు లెక్కించి లోతు చెప్పువారిని మీరెరుగుదురు. లేసరు పద్ధతియు నట్టిదే. రాయికి మారుగా వెలుగును విసరుదురు. వెలుగు సెకనునకు సుమారు మూడులక్షల కిలోమీటర్లు పోవును. అది నేలను తాకి మరలివచ్చిన కాలములో సగమును ఆ వేగముచే గుణించిన దూరము తేలును. సెకనులో నూరుకోట్లవ వంతు లెక్క తప్పినను కొలతలో పదునైదు సెంటీమీటర్లు తప్పును. విమానమునుండి ఇట్టి వెలుగుతునకలను సెకనునకు లక్షలకొలది విడుతురు. అడవిమీద కొన్ని ఆకులను తాకి మరలును. కొన్ని సందులలో దూరి నేలను చేరును. ఆకులవాటిని తీసివేసినచో చెట్లక్రింది నేల బయటపడును. పొగయు బూడిదయు దట్టమైనప్పుడు మాత్రము ఈ వెలుగు సాగదు.

ఒకే కొండను రెండుమారులు కొలిచి, మొదటిదానిని రెండవదానినుండి తీసివేసిన, ఎచ్చట ఎంత ఉబ్బెనో, ఎంత లావా పేరుకొనెనో తెలియును.

అమెరికాలోని సెయింట్ హెలెన్స్ కొండ ఉత్తరపు ప్రక్క 1980లో దినమునకు ఐదారడుగులు ఉబ్బుచుండెను. డేవిడ్ జాన్‌స్టన్ అను శాస్త్రజ్ఞుడు ఎదుటి గుట్టపైనుండి లేసరుకిరణముతో దూరమును కొలుచుచుండెను. మే 18 ఉదయమునను కొలిచెను. మునుపటి నడకకంటె భేద మేమియు కానరాలేదు. రెండుగంటలు దాటకమునుపే కొండప్రక్క విరిగి జారెను. ఏబదియేడుగురు మరణించిరి, వారిలో ఆయనయు నొకడు. కొలత ఉబ్బును చెప్పినది, ఘడియను చెప్పలేదు. ఐనను ఆ ఉబ్బును చూచియే అధికారులు జనులను కొండదరికి రానీయరైరి. లేనిచో మృతులు మిక్కుటమై యుందురు. 2004లో అదే కొండ మరల మేల్కొన్నప్పుడు, బిలములో పెరుగు క్రొత్తగుట్టను విమానమునుండి లేసరుతో కొలిచిరి.

మన హైదరాబాదున బాలానగరులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారును విమానమునుండి లేసరుతో నేలను కొలిచియున్నారు. మనకు నిప్పుకంటె నీటి భయమే హెచ్చు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచెను. ఏటియొడ్డు పేటలలో ఏ వీథి మూరెడు పల్లమో ముందుగా తెలియుటకు అగ్నిపర్వతమును కొలిచెడి ఈ వెలుగే పనికివచ్చును.