టర్బో పెట్రోలు ఇంజను: దాని బలము, దాని మన్నిక



ముప్పాళ్ళ మొదలుకొని నరసరావుపేట, గురజాల, మాచర్ల వఱకు మన పల్నాటి గ్రామములలో కారు ఇప్పుడు వింత వస్తువు కాదు. మిరపకాయలు, ప్రత్తి అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత కారునకు వెచ్చించు కుటుంబములు పెక్కు కలవు. కుమారుడు టర్బో కారు కొందమనును. తండ్రి, "ఇంత చిన్న ఇంజను అంత బలము చూపుచున్నదే, ఇది ఎన్నాళ్ళు మన్నును?" అని అడుగును. ఈ ప్రశ్న నన్ను పలువురు పెద్దలు అడిగిరి. అడుగదగిన ప్రశ్నయే. దానికి నాకు తోచిన సమాధానమును నేడు మనవి చేయుదును.

మొదట లెక్క చూతము. మన రాష్ట్రములో తయారగు కారునే ఉదాహరణముగా తీసికొందును. పెనుకొండకు సమీపమున ఎఱ్ఱమంచి యొద్ద కియా సంస్థవారి కర్మాగారము కలదు. 2017లో ప్రభుత్వముతో ఒప్పందము జరిగెను. 2019 ఆగస్టులో అచ్చటినుండి మొదటి సెల్టోస్ కారు వెలువడెను. 2020లో వారు సోనెట్ అను చిన్న కారును రెండు విధములైన పెట్రోలు ఇంజనులతో అమ్మకమునకు తెచ్చిరి. ఒకటి సాధారణమైనది: నాలుగు సిలిండర్లు, 1197 సీసీల పరిమాణము, 83 అశ్వశక్తి, 115 న్యూటన్ మీటర్ల త్రిప్పుబలము. రెండవది టర్బో ఇంజను: మూడే సిలిండర్లు, 998 సీసీలు, కాని 120 అశ్వశక్తి, 172 న్యూటన్ మీటర్లు. పరిమాణములో ఆఱవ వంతు తక్కువ. బలములో దాదాపు ఒకటిన్నర రెట్లు. మఱియొక విశేషము: సాధారణపు ఇంజను తన నిండు త్రిప్పుబలమును నిమిషమునకు సుమారు 4000 చుట్లు తిరిగినప్పుడు గాని చూపదు. టర్బో ఇంజను 1500 చుట్లకే చూపి, 4000 వఱకు దానిని నిలుపుకొనును. అందువలననే అయిదుగురు ఎక్కినను, ఎగువదారి తగిలినను అది మొరాయింపక సాగిపోవును.

ఈ బలము ఎక్కడనుండి వచ్చినది? మన కమ్మరి కొలిమిని తలచుకొనుడు. బొగ్గు ఎంత పోసినను తిత్తి ఊదనిదే నిప్పు రాజుకొనదు. పెట్రోలును అట్టిదే. ఒక కిలో పెట్రోలు చక్కగా మండుటకు సుమారు 15 కిలోల గాలి కావలెను. సాధారణపు ఇంజను తాను పీల్చుకొన్నంత గాలితోనే తృప్తిపడును. టర్బో ఇంజనునకు తిత్తి కలదు. కమ్మరి తిత్తిని మనుష్యుడు ఊదవలెను. ఈ తిత్తిని ఇంజను విడుచు పొగయే త్రిప్పును. ఒకే సన్నని ఇరుసునకు ఈ కొనను ఒక చక్రము, ఆ కొనను ఒక చక్రము ఉండును. వెలుపలికి పోవు పొగ మొదటి చక్రమును త్రిప్పగా, రెండవది బయటి గాలిని లోనికి అదిమి పంపును. అదిమిన గాలి వేడెక్కును గనుక దారిలో దానిని చల్లార్చుటకు జల్లెడవంటి పరికరము నుంతురు. ఒత్తిడి మితిమీరకుండ పొగను ప్రక్కకు మళ్ళించు తలుపు ఒకటి యుండును. ఆల్ఫ్రెడ్ బుషి అను స్విట్జర్లాండు ఇంజనీరు 1905లోనే ఈ ఉపాయమునకు పేటెంటు పొందెను.

ఇక మన్నిక మాట. గాలిని అదిమిన కొలది సిలిండరులో ఒత్తిడియు వేడియు పెరుగును. హద్దు మీరినచో పెట్రోలు క్రమముగా మండక ఒక్కసారిగా ప్రేలును. దీనిని నాకింగ్ అందురు. అది పిస్టనును సుత్తెతో కొట్టినట్లు కొట్టును. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ సంస్థవారు జెట్‌ఫైర్ అను టర్బో కారును తెచ్చిరి. నాకింగును ఆపుటకై నీరు, మిథైల్ ఆల్కహాలు కలిపిన ద్రవమును వేఱొక తొట్టిలో పోసికొనవలెనని నియమము పెట్టిరి. పెక్కుమంది యజమానులు ఆ తొట్టిని నింపుట మఱచిరి. ద్రవము లేనిచో కారు బలము తగ్గిపోయెడిది. నిందలు కారుమీద పడినవి. 1963తో ఆ కారు ఆగిపోయెను. యజమాని శ్రద్ధ లేనిదే ఆ ఉపాయము సాగలేదు. తరువాత స్వీడనులోని సాబ్ సంస్థవారు నాకింగును తామే విని ఒత్తిడిని తగ్గించు సాధనమును 1982 ప్రాంతమున కార్లలో అమర్చిరి. నేటి టర్బో పెట్రోలు కార్లలో ఆ కాపలా ఇంజనుతోనే వచ్చుచున్నది. ఆ విషయమున యజమానికి చింత తొలగినది.

తొలగని చింత ఒకటి మిగిలినది. అది నూనె. టర్బో ఇరుసు నిమిషమునకు రెండు లక్షల చుట్ల వఱకు తిరుగగలదు. దాని ఒక కొనను తాకు పొగ ఇనుమును ఎఱ్ఱగా కాల్చునంతటి వేడిది. ఆ ఇరుసు పలుచని నూనెపొరపై తేలి తిరుగును. బండి ఇరుసునకు కందెన లేకున్న కీచుమని మొఱపెట్టును. మనము విని కందెన వేయుదుము. ఈ ఇరుసు అట్లు ముందుగా చెప్పదు. నూనె పాతదైనను, మట్టము తగ్గినను, తగని రకము పోసినను, నూనె మాడి మసియై సన్నని దారులు పూడును, ఇరుసు అరిగిపోవును. నీలిపొగ కనబడి, ఈలవంటి క్రొత్త ధ్వని వినబడునప్పటికి తఱచుగా చేయి దాటియుండును.

కాబట్టి నేను చెప్పునది ఇది. కారుతో ఇచ్చిన పుస్తకములో వ్రాసిన రకము నూనెనే పోయింపుడు. చౌకయని వేఱొకటి వలదు. నూనె మార్చు గడువు సాధారణముగా 10,000 కిలోమీటర్లు లేక 1 సంవత్సరము, ఏది ముందైన అది. అయితే దుమ్ముదారులలోను, ఇంజను వేడెక్కక మునుపే ఆపివేయు చిన్న ప్రయాణములలోను ఈ గడువును తగ్గింపవలెనని ఆ పుస్తకములే చెప్పుచున్నవి. మన పొలముదారుల నల్లరేగడి దుమ్మును ఎఱిగినవారికి ఇది వేఱుగ చెప్పనక్కఱలేదు. గాలి వడపోత కాగితమును కూడ అట్లే ముందుగా మార్చవలెను; గాలిని అదుము చక్రమునకు ఇసుక రేణువే శత్రువు. ఉదయము ఇంజను కదలింపగనే తొందరపెట్టి తోలరాదు. ఎండలో దూరము వేగముగా వచ్చిన పిమ్మట ఒక నిమిషము ఊరక తిరుగనిచ్చి ఆపవలెను. పదిహేను దినములకొకసారి కొలకడ్డీ తీసి నూనెమట్టము చూచుట ఇంటిలోని పిల్లవానికైనను నేర్పవచ్చును.

పాత టర్బో కారును కొనువారు రంగును చూచి మురియక, నూనె మార్చిన రసీదులను అడుగవలెను. రసీదులు లేని కారు ఎంత నిగనిగలాడినను, నేనైతే కొనను. ఊరిలోనే తిరుగుచు నెలకొకసారి సత్తెనపల్లి పోయి వచ్చు కుటుంబమునకు సాధారణపు ఇంజనే చాలును. అది కొంత అశ్రద్ధను ఓర్చుకొనును. దూరప్రయాణములు తఱచుగా చేయువారు, నిండుబరువుతో పోవువారు టర్బోను నిర్భయముగా కొనవచ్చును.

చిన్న ఇంజను అగుటచేత అది త్వరగా చెడునను భయము సరికాదు. ఆ ఒత్తిడిని ఓర్చుటకే దాని పిస్టనులను, కవాటములను గట్టిగా చేసియున్నారు. దాని ఆయుస్సు కర్మాగారములో సగము, మన యింటి ముంగిట సగము నిర్ణయమగుచున్నది. కుమారుడు కారు కొందమన్నప్పుడు, "ఎంత వేగముగా పోవును?" అని అడుగుటకన్న, "నూనె లెక్క ఎవరు వ్రాయుదురు?" అని అడుగుడు. దానికి తడబడక బదులు చెప్పగల యింట ఆ కారు చిరకాలము మన్నును.