గింజ రైతుది, కాటా కంపెనీది

ఆఫ్రికా రైతును బాగుచేస్తామని బయలుదేరే వాళ్ళకు ఈ ఇరవయ్యేళ్ళలో కొదవ లేదు. 2006లో రాక్‌ఫెల్లర్, గేట్స్ ఫౌండేషన్ల డబ్బుతో ‘ఆఫ్రికాకు హరిత విప్లవం’ పేరిట ఒక సంస్థ వెలిసింది. 2012 మే నెలలో అమెరికాలోని క్యాంప్ డేవిడ్‌లో ఎనిమిది ధనిక దేశాల పెద్దలు కూర్చుని, బడా కంపెనీలను పక్కన పెట్టుకుని, ‘ఆహార భద్రతకు కొత్త కూటమి’ అని మరొకటి ప్రకటించారు. పదేళ్ళలో అయిదు కోట్ల మందిని దారిద్ర్యం నుంచి గట్టెక్కిస్తామన్నారు. ఘనా, ఇథియోపియా, టాంజానియా ముందు చేరాయి. ఆ ఏడే ఐవరీ కోస్ట్, మొజాంబిక్, బుర్కినా ఫాసో చేరాయి. 2016లో యూరప్ పార్లమెంటే ఈ కూటమి చిన్న రైతుకు చేటని తప్పు పట్టింది. 2018లో ఫ్రాన్సు తప్పుకుంది. కూటములు వస్తాయి, పోతాయి. వాటి నోట మాత్రం రెండే మాటలు: ప్రైవేటు పెట్టుబడి, విలువ గొలుసు.

ఈ విలువ గొలుసు అంటే ఏమిటని మన పాఠకులు అడగవచ్చు. పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. చేలో పండిన గింజ బస్తాకెక్కి, లారీకెక్కి, ఓడకెక్కి, మరలో పడి, చివరకు అందమైన అట్టపెట్టెలో దుకాణం బల్ల మీద కూర్చునేదాకా ఎన్ని చేతులు మారుతుందో ఆ వరసకే గొలుసని పేరు పెట్టారు. ఒక్కో చేతి దగ్గర విలువ కొంత పెరుగుతుందట. ఆ గొలుసుకు ప్రైవేటు పెట్టుబడి తోడైతే కింది కొసన ఉన్న రైతుకు కూడా నాలుగు డబ్బులు అందుతాయని వాళ్ళ సిద్ధాంతం.

సిద్ధాంతాన్ని సిద్ధాంతంతో కొట్టే పని మేము పెట్టుకోదలచుకోలేదు. ప్రైవేటు పెట్టుబడి కొత్తగా రానక్కర్లేని పంట ఆఫ్రికాలో ఒకటుంది. నూరేళ్ళకు పైగా ప్రపంచంలోని పెద్ద కంపెనీలు దాన్ని కొంటున్నాయి, అమ్ముతున్నాయి, లాభాలు గడిస్తున్నాయి. గొలుసు ఎప్పుడో తయారైంది, ఒక్క కొక్కెం కూడా తక్కువ లేదు. అది కోకో, అంటే చాక్లెట్‌కు ముడిసరుకు. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల నీడన ఆ కాయలు కోసే కూలీలకు దాన్ని మేము పరిచయం చెయ్యనక్కర్లేదు.

ప్రపంచంలో పండే కోకోలో సగానికి పైగా రెండే దేశాలది. పశ్చిమ ఆఫ్రికాలో పక్కపక్కనే ఉన్న ఐవరీ కోస్ట్, ఘనా. పండించేది పెద్ద ఎస్టేట్లు కాదు, నాలుగైదు ఎకరాల నుంచి పదెకరాల దాకా ఉన్న చిన్న రైతులు. కత్తితో కాయ కొయ్యడం, పగలగొట్టి గింజ తియ్యడం, అరిటాకుల కింద కప్పి అయిదారు రోజులు పులియబెట్టడం, తడికెల మీద ఎండబోసి రోజుకు పదిసార్లు తిరగెయ్యడం, అంతా చేతుల మీద జరగాల్సిందే. ఆ పని సరిగ్గా జరక్కపోతే చాక్లెట్‌కు ఆ వాసన రాదు. అంటే అసలు విలువ పుట్టేది తడికె మీదే. మరి దుకాణంలో చాక్లెట్ బిళ్ల కొన్న డబ్బులో ఆ తడికె దగ్గరికి తిరిగి వచ్చేదెంత? పదేళ్ళ క్రితం వేసిన లెక్కల ప్రకారం నూటికి ఆరేడు. 1980 ప్రాంతంలో ఇది పదహారు దాకా ఉండేది. గొలుసు పొడుగైన కొద్దీ రైతు వాటా కురచైంది.

పోనీ, ఆ ఆరేడూ రైతు ఒక్కడివేనా? ఘనాలో తోట సొంతదారు ఒకరు, తోట చేసేవాడు ఒకడు కావడం మామూలు. చేసేవాడికి మూడో వంతు ఇచ్చే పద్ధతిని అక్కడ ‘అబుసా’ అంటారు. బంజరు నరికి మొక్కలు వేసి తోట కాపుకు తెచ్చినవాడు సగం తీసుకునేది ‘అబును’. మన కోరు సేద్యానికి అన్నదమ్ములే. ఐవరీ కోస్ట్‌లో పని చేసేవాళ్ళలో చాలామంది ఉత్తరాన ఉన్న బుర్కినా ఫాసో, మాలీల నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన వలస కూలీలు. ఫ్రెంచి వాళ్ళ ఏలుబడిలో 1946 దాకా అక్కడ వెట్టి చాకిరీ చట్టబద్ధంగానే నడిచింది. చట్టం పోయినా ఆ దారిన కూలీలు రావడం ఆగలేదు.

పిల్లల సంగతి వేరే చెప్పాలి. కోకో తోటల్లో పిల్లల చేత ఘోరమైన చాకిరీ చేయించడం 2005 నాటికల్లా మాన్పిస్తామని 2001లో చాక్లెట్ కంపెనీలు అమెరికాలో ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. 2005 వచ్చింది, పోయింది. గడువు 2008కి జరిగింది, తరవాత 2010కి, ఆ తరవాత 2020కి. 2020లో చికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు బయటపెట్టిన సర్వేలో ఆ రెండు దేశాల్లో 15 లక్షల 60 వేల మంది పిల్లలు కోకో పనిలో ఉన్నారని తేలింది. చిన్నప్పుడు తమను బానిసలుగా పని చేయించారని మాలీకి చెందిన ఆరుగురు నెస్లే, కార్గిల్‌ల మీద వేసిన కేసును 2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. తప్పు జరగలేదని కాదు, జరిగింది అమెరికా గడ్డ మీద కాదని! లాభం మాత్రం సముద్రం దాటి రావచ్చు, నేరం దాటి రాకూడదు.

రైతులు నోరు మూసుకుని పడున్నారా అంటే, లేదు. ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఘనాను అప్పట్లో గోల్డ్ కోస్ట్ అనేవారు, బ్రిటిష్ వలస. 1937లో డజనుకు పైగా ఐరోపా కంపెనీలు ఒకచోట చేరి, కోకో ఎవరెంత కొనాలో, ఏ ధరకు కొనాలో తమలో తాము రహస్యంగా ఒప్పందం చేసుకున్నాయి. పోటీ పడితే ధర పెరుగుతుంది గదా, అందుకని పోటీయే లేకుండా చేసుకున్నారు. స్వేచ్ఛా వ్యాపారం గురించి ఉపన్యాసాలిచ్చే జాతి వాళ్ళే వీళ్ళు. లీవర్ కంపెనీకి చెందిన యునైటెడ్ ఆఫ్రికా కంపెనీ ముందు నిలబడింది. క్యాడ్‌బరీ కూడా అందులో చేరింది. (ఈ పేరు గుర్తు పెట్టుకోవాలి.)

సంగతి పొక్కగానే రైతులు కోకో అమ్మడం ఆపేశారు. ఒక వారమో రెండు వారాలో కాదు, 1937 శరత్కాలం నుంచి 1938 ఏప్రిల్ దాకా. బస్తాలు ఇళ్ళలోనే ఉండిపోయాయి. కంపెనీల బట్టలు, సరుకులు కొనడం కూడా మానేశారు. ఊరి పెద్దలు, చిన్న వ్యాపారులు, బండ్ల వాళ్ళు కలిసి వచ్చారు. అప్పుల వాళ్ళు గుమ్మంలో కూర్చున్నా సరుకు కదలలేదు. చివరకు లండన్ నుంచి నోవెల్ కమిషన్‌ను పంపారు. కొనుగోలు ఒప్పందాన్ని పక్కన పెట్టాకే తోటల నుంచి బస్తా కదిలింది. ఒప్పందం తప్పని కమిషనే రాసింది.

ఆ పోరాటం తరవాత, యుద్ధం ముగిశాక, 1947లో కోకో మార్కెటింగ్ బోర్డు వచ్చింది. ప్రభుత్వమే ముందుగా ధర కట్టి కొంటుంది. రైతులు గెలిచినట్టే గదా అనిపిస్తుంది. కానీ నిజం దాచకూడదు. మంచి ధర వచ్చిన ఏళ్ళలో బోర్డు రైతుకు తక్కువిచ్చి మిగిల్చిన సొమ్మును లండన్‌లో బ్రిటిష్ ప్రభుత్వ పత్రాల్లో పెట్టారు. కోకో రైతు చెమటతో యుద్ధంలో చితికిపోయిన బ్రిటన్ తన ఖజానా నింపుకుంది. స్వాతంత్ర్యం దగ్గరపడ్డ కాలంలో ఎన్‌క్రుమా ప్రభుత్వం కూడా 1954లో ధరను కదలకుండా బిగించింది. రైతులు తిరగబడ్డారు. పేరు ప్రభుత్వానిదైనంత మాత్రాన కాటా రైతు చేతికి రాదు. ఇది మేము చెప్పడం కొందరు మిత్రులకు రుచించకపోవచ్చు.

అయినా బోర్డు ఉండడానికీ లేకపోవడానికీ తేడా ఐవరీ కోస్ట్ చూస్తే తెలుస్తుంది. 1987-89లో ఆ దేశం ధర కోసం కోకో ఎగుమతి ఆపి చూసింది. ఒంటరిగా ఆపింది గనక నిలవలేకపోయింది. 1989లో రైతు ధర కిలోకు 400 ఫ్రాంకుల నుంచి 200కు పడిపోయింది. అప్పులిచ్చిన ప్రపంచ బ్యాంకు, ఐ.ఎం.ఎఫ్.లు బోర్డును ఎత్తెయ్యమని పట్టుబట్టాయి. 1999లో ఎత్తేశారు. ఎగుమతి విదేశీ కంపెనీల గుప్పిట్లోకి పోయింది. పదేళ్ళు తిరిగేసరికి కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని అర్థమై, 2012లో మళ్ళీ బోర్డు లాంటిది పెట్టి, ఎగుమతి ధరలో నూటికి 60 రైతుకివ్వాలని నిబంధన చేశారు.

2019లో రెండు దేశాలూ చేతులు కలిపాయి. టన్నుకు 400 డాలర్లు రైతు బతుకుతెరువు కోసం అదనంగా కట్టాలన్నాయి. కంపెనీలు పైకి సరేనన్నాయి. ఇంతకుముందు నాణ్యతకు వేరేగా ఇచ్చే ప్రీమియాన్ని మాత్రం మెల్లగా కోసేశాయి, కొన్నాళ్ళకు అది సున్నా కన్నా కిందికి పోయింది. కుడి చేత్తో పెట్టింది ఎడం చేత్తో లాక్కోవడమన్న మాట. 2020లో ఒక పెద్ద అమెరికన్ చాక్లెట్ కంపెనీ ఈ అదనం కట్టకుండా తప్పించుకోవడానికి న్యూయార్క్ ఎక్స్చేంజిలో సరుకు కొన్నదని రెండు ప్రభుత్వాలూ బహిరంగంగానే ఆరోపించాయి.

ఇక ధర పెరిగినప్పుడైనా రైతు బాగుపడ్డాడా? తెగుళ్ళు, వానల మార్పు, బంగారం కోసం తోటలు తవ్వెయ్యడం, అన్నీ కలిసి పంట పడిపోయింది. ఘనాలో 2020-21లో పది లక్షల టన్నులు దాటిన దిగుబడి 2023-24కు దాదాపు సగమైంది. 2024 మార్చిలో న్యూయార్క్‌లో టన్ను ధర చరిత్రలో మొదటిసారి 10,000 డాలర్లు దాటింది. అంటే కిలో పది డాలర్లు. ఆ రోజున ఐవరీ కోస్ట్ రైతుకు అందుతున్నది కిలోకు 1000 ఫ్రాంకులు, డాలరున్నర పైన కొద్దిగా. కారణం? పంటలో చాలా భాగం ఏడాది ముందే చవక ధరకు అమ్మకం ఖాయమైపోయింది. అప్పు కోసం పచ్చిపైరు మీదే షావుకారుకు మాటిచ్చిన మన రైతు గతే, ఒక దేశం మొత్తానికి పట్టింది. ఏప్రిల్‌లో 1500కు, అక్టోబరులో 1800కు పెంచారు. అప్పటికి ఎంత సరుకు దొంగదారిన సరిహద్దు దాటిందో!

విలువ జోడించే ఫ్యాక్టరీలు ఆఫ్రికాలోనే పెడితే సరిపోతుందని కొందరంటారు. పెట్టారు. అబిజాన్‌లో, శాన్ పెద్రోలో, ఘనాలోని తెమాలో కోకో మరలున్నాయి. ఒక్క కోకో చెట్టూ లేని నెదర్లాండ్స్‌తో సమానంగా ఇవాళ ఐవరీ కోస్ట్ గింజలు మర ఆడిస్తోంది. ఆ మరల్లో పెద్దవి కార్గిల్, బారీ కాలెబో, ఓలమ్ లాంటి విదేశీ కంపెనీలవి. వెన్న, పొడి తీసి ఓడెక్కిస్తారు. చాక్లెట్ చాలావరకు తయారయ్యేది అవతలే. మర మన ఊళ్ళో ఉన్నంత మాత్రాన బియ్యం మనవైపోతాయా?

పెట్టుబడి అక్కర్లేదని మేము అనడం లేదు. కోకోకు కొమ్మ ఉబ్బు వైరస్ అనే తెగులు ఉంది. దానికి మందు లేదు, చెట్టు పీకెయ్యడమే. కొత్త మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు. ఆ మూడు నాలుగేళ్ళు రైతు ఏం తినాలి? తోట చేసే అబుసా మనిషి ఎక్కడికి పోవాలి? పెట్టుబడి కావలసింది అక్కడ. తోట నుంచి రోడ్డుకు దారి, ఊళ్ళో బడి, తప్పుడు తూకం లేని కాటా. (ఘనాలో కొనుగోలు గుమస్తాల కాటాల మీద రైతుల ఫిర్యాదు ఈనాటిది కాదు.) అక్కడికి ప్రైవేటు పెట్టుబడి దానంతటది నడిచి రాదు, ఎందుకంటే అక్కడ లాభం లేదు. వ్యవసాయానికి బడ్జెట్‌లో నూటికి పది ఖర్చు చేస్తామని 2003లో మాపుటోలో ఆఫ్రికా ప్రభుత్వాలు మాటిచ్చాయి. నిలబెట్టుకున్నవి కొద్దే. ఆ ఖాళీలోనే కూటములు వచ్చి కూర్చున్నాయి.

ఇప్పుడు ఆ పేరు దగ్గరికి. 1937 ఒప్పందంలో ఉన్న క్యాడ్‌బరీయే 1965 నుంచి మన దేశంలో, ముందు కేరళలో, కోకో సాగు మొదలుపెట్టించింది. ఇవాళ అది మాండెలీజ్ అనే అమెరికన్ సంస్థ చేతిలో ఉంది. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో. 2024లో ఇక్కడ ఎండు గింజ కిలో వెయ్యి రూపాయల దాకా పోయింది. తోటలు వేసినవాళ్ళు ఆశ పడ్డారు. 2025 వేసవిలో గింజ చేతికొచ్చేసరికి కొనేవాళ్ళు అయిదొందలకు అటూ ఇటూ చెప్పారు, కొన్నిచోట్ల కొనడమే ఆపారు. న్యూయార్క్‌లో అప్పుడు టన్ను ఎనిమిది, తొమ్మిది వేల డాలర్ల ప్రాంతంలో ఉంది, మన డబ్బులో కిలో ఏడొందలకు పైచిలుకు. ధర ఎక్కడ తగ్గింది, ఎవరు తగ్గించారు అని రైతులు అడిగారు. ఏలూరులో ధర్నాలు చేశారు, గింజలు రోడ్డు మీదికి తెచ్చారు. ఘనాలో 1937లో కొన్నది డజను పైచిలుకు కంపెనీలు, ఇక్కడ కొనేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

చివరకు జూన్‌లో ప్రభుత్వం మధ్యలోకి వచ్చి కిలో 500 రూపాయలన్నది. అందులో కంపెనీలు పెట్టేది 450. మిగతా 50 ప్రభుత్వ ఖజానా నుంచి. ఆ ఖజానాలో డబ్బు గింజ అమ్మిన రైతుదీ, కాయ పగలగొట్టిన కూలీదీ.