భూమి కంపించిన రోజు ఇంటికి చేరడం ఎలా?



2024 డిసెంబరు 4వ తేదీ ఉదయాన్ని మనలో ఎవరం మరచిపోలేదు. సమయం 7 గంటల 27 నిమిషాలు. మెస్ ముందు ప్లేట్లు పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నాం. కాళ్ల కింద నేల ఒక్కసారిగా వణికింది. గదుల్లో ట్రంకు పెట్టెలు గలగలలాడాయి. అందరం మైదానంలోకి పరుగెత్తాం. ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చిందని కాసేపటికి టీవీలో చెప్పారు.

మన హాస్టల్‌కు ఏమీ కాలేదు. కానీ ఏడో తరగతి తమ్ముడొకడు భయపడి ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి ఊరికి బయలుదేరాడు. అదే సమయంలో వాళ్ల నాన్న కొడుకు కోసం బస్సెక్కి హాస్టల్‌కు వచ్చాడు. ఇద్దరూ దారిలో ఒకరినొకరు దాటుకుని పోయారు. కొడుకు కనబడక ఆ తండ్రి గేటు దగ్గరే కూలబడిపోయాడు. ఊరి నుంచి ఫోను వచ్చేదాకా వార్డెన్ గారూ, కామాటీ, మేమూ ఊరంతా వెతికాం. భూకంపం కొన్ని క్షణాలే. ఆ వెతుకులాట మాత్రం మధ్యాహ్నం దాకా సాగింది.

ఒక్క పిల్లవాడి విషయంలోనే ఇంత ఆందోళన కలిగితే, లక్షలాది మంది ఒకేసారి ఇంటికి బయలుదేరితే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం జపాన్ రాజధాని టోక్యోలో దొరుకుతుంది.

ఆ శుక్రవారం ఏం జరిగింది?

2011 మార్చి 11, శుక్రవారం. మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలకు జపాన్ ఈశాన్య తీరానికి దగ్గరలో, సముద్రం అడుగున 9.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాని వెంట వచ్చిన సునామీ తీరప్రాంతాలను తుడిచిపెట్టిన సంగతి మనకు తెలిసిందే. టోక్యో అక్కడికి సుమారు 370 కి.మీ. దూరంలో ఉంది. అక్కడ భవనాలు చాలాసేపు ఊగాయి గానీ నగరం కూలిపోలేదు. ఆగిపోయినవి రైళ్లు.

టోక్యోకు రైళ్లంటే మనకు ఆర్టీసీ బస్సుల వంటివి, ఇంకా ఎక్కువే. దూరంగా శివార్లలో ఇల్లు, నగరం నడిబొడ్డున ఉద్యోగం. మధ్యలో గంటకు పైగా రైలు ప్రయాణం చేసేవాళ్లు లక్షల్లో ఉంటారు. ఆ మధ్యాహ్నం పైన నడిచే రైళ్లూ, భూమి కింద నడిచేవీ అన్నీ నిలిచిపోయాయి. కొన్ని రైళ్లు రెండు స్టేషన్ల మధ్యలోనే ఆగిపోతే, ప్రయాణికులను దించి పట్టాల వెంట నడిపించి తీసుకెళ్లారు. పైన నడిచే రైళ్లలో పెద్ద భాగం ఆ రోజుకు ఇక నడవవని సాయంత్రం ప్రకటన వచ్చింది.

అప్పుడు జనం నడక మొదలుపెట్టారు. ఆఫీసు బూట్లతో పది, ఇరవై కిలోమీటర్లు నడిచినవాళ్లు ఎందరో. రోడ్లన్నీ కార్లతో నిండిపోయి బస్సులు, టాక్సీలు కదలలేదు. సెల్‌ఫోన్లు కలవక పాత పబ్లిక్ ఫోన్ల ముందు బారులు తీరారు. పాఠశాలలు, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ భవనాలు తలుపులు తెరిచి రాత్రికి చోటిచ్చాయి. కొన్ని స్టేషన్లు మాత్రం షట్టర్లు దించి జనాన్ని బయటికి పంపడంతో తర్వాత విమర్శలు ఎదుర్కొన్నాయి. ఆ రోజు రాజధాని ప్రాంతంలో ఇంటికి చేరలేకపోయినవారు సుమారు 51 లక్షల మంది అని ప్రభుత్వం తర్వాత అంచనా వేసింది.

రైలుకు భూకంపం ముందే ఎలా తెలుస్తుంది?

భూకంపం వచ్చినప్పుడు ముఖ్యంగా రెండు రకాల తరంగాలు బయలుదేరుతాయి. మొదటివి పి-తరంగాలు. ఇవి సెకనుకు సుమారు 6 కి.మీ. వేగంతో వస్తాయి, పెద్దగా నష్టం చేయవు. రెండోవి ఎస్-తరంగాలు. ఇవి సెకనుకు సుమారు మూడున్నర కి.మీ. వేగంతో వెనుక వస్తాయి. ఎక్కువగా ఊపేది ఇవే.

ఒక చిన్న లెక్క చేద్దాం. భూకంప కేంద్రం 100 కి.మీ. దూరంలో ఉందనుకోండి. మొదటి తరంగం సుమారు 17 సెకన్లలో వస్తుంది. రెండోది సుమారు 29 సెకన్లలో వస్తుంది. అంటే మధ్యలో 12 సెకన్ల వ్యవధి దొరుకుతుంది. తీరం వెంబడి, రైలు మార్గాల వెంబడి అమర్చిన యంత్రాలు మొదటి కదలికను పసిగట్టగానే కరెంటు ఆపేస్తాయి. బ్రేకులు పడతాయి. గంటకు 250 కి.మీ. పైబడి పరుగెత్తే రైలు 12 సెకన్లలో పూర్తిగా ఆగదు, కానీ వేగం తగ్గుతుంది. ఆ తగ్గిన వేగమే ప్రాణాలు కాపాడుతుంది. 2011లో అంత పెద్ద భూకంపం వచ్చినా, ప్రయాణికులతో నడుస్తున్న షింకన్‌సెన్ రైలు ఒక్కటి కూడా పట్టాలు తప్పలేదు.

ఆపడం సులభం, నడపడం కష్టం

కుదుపు ఆగింది కదా, రైలు ఎందుకు కదలదు? చాలామందికి వచ్చే సందేహమిది. పట్టా వంగితే రైలు పట్టాలు తప్పవచ్చు. అందువల్ల సిబ్బంది మార్గం వెంట నడుచుకుంటూ పట్టాలు, వంతెనలు, సొరంగాలు, పై తీగలు, సిగ్నళ్లు తనిఖీ చేయాలి. ఇంతలో మళ్లీ గట్టి ప్రకంపన వస్తే తనిఖీ మళ్లీ మొదటికి వస్తుంది. దారిలో ఆగిన రైళ్లను ముందు ఖాళీ చేయాలి.

సాధారణంగా నేల పైన కంటే లోపల ఊపు తక్కువ. ఆ రాత్రి 8.40 ప్రాంతంలో ముందుగా కదిలినవి గింజా లైను వంటి భూగర్భ రైళ్లే. అప్పటికి భూకంపం వచ్చి దాదాపు ఆరు గంటలైంది. అణువిద్యుత్ కేంద్రం దెబ్బతిని మార్చి 14 నుంచి విడతలవారీగా కరెంటు కోత మొదలవడంతో, తర్వాతి రోజుల్లోనూ రైళ్లు తగ్గి స్టేషన్ల బయట బారులు తప్పలేదు.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 1989 అక్టోబరు 17న జరిగింది ఇంకో రకం. 6.9 తీవ్రత గల భూకంపంలో బే బ్రిడ్జి పై అంతస్తు ముక్క ఒకటి ఊడిపడి, వంతెన నెల రోజులు మూతపడింది. సముద్రపు నీటి కింద సొరంగంలో నడిచే బార్ట్ రైలు మాత్రం తనిఖీ తర్వాత మళ్లీ నడిచింది. కార్లలో వెళ్లేవాళ్లంతా ఆ రైలుకే వచ్చారు. రోజుకు 2 లక్షల పైచిలుకు ఉన్న ప్రయాణికులు 3 లక్షలు దాటారు. పడవలు కూడా మళ్లీ వచ్చాయి. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి ఉండాలన్నది అక్కడి పాఠం.

టోక్యో నేర్చుకున్నది

2013 ఏప్రిల్ నుంచి టోక్యోలో ఒక నిబంధన అమల్లోకి వచ్చింది. పెద్ద భూకంపం వస్తే ఉద్యోగులను వెంటనే ఇళ్లకు పంపకూడదు. కార్యాలయం భద్రంగా ఉంటే అక్కడే ఉంచాలి. అందుకోసం మనిషికి రోజుకు 3 లీటర్ల చొప్పున మూడు రోజుల నీళ్లు, తొమ్మిది పూటల తిండి నిల్వ పెట్టాలి.

మూడు రోజులే ఎందుకు? శిథిలాల కింద ఉన్నవారిని ప్రాణాలతో తీయడానికి మొదటి 72 గంటలే కీలకం. లక్షల మంది రోడ్ల మీదికి వస్తే అంబులెన్సుకు, అగ్నిమాపక బండికి దారి ఉండదు. ఇంటికి పరుగెత్తే మన ఆత్రం ఇంకొకరి ప్రాణానికి అడ్డం పడవచ్చు. ఈ సంగతి చదివాక మేం చాలాసేపు మాట్లాడుకోలేదు.

మనకు దీనితో ఏం పని?

మన హాస్టల్‌లో చదివి వెళ్లిన అన్నలు, అక్కలు ఈనాడు హైదరాబాద్, ఢిల్లీ వంటి నగరాల్లో మెట్రో ఎక్కి ఉద్యోగాలకు వెళుతున్నారు. 2015 ఏప్రిల్ 25న నేపాల్ భూకంపం వచ్చినప్పుడు ఢిల్లీ మెట్రోను కాసేపు ఆపేశారు. రేపు మనమూ అలాంటి నగరాలకు వెళ్లేవాళ్లమే. అందుకని ఈ నాలుగు మాటలు గుర్తుంచుకుందాం.

1. రైలు ఆగితే తలుపులు బలవంతంగా తెరిచి దిగకూడదు. సిబ్బంది చెప్పేదాకా లోపలే ఉండాలి.

2. ఉన్న చోటు భద్రమైతే అక్కడే ఆగాలి. చీకట్లో, గుంపులో నడవకూడదు.

3. ఫోను కలవకపోతే పదేపదే చేయకుండా చిన్న మెసేజ్ పంపాలి. ఇంట్లో ముఖ్యమైన నంబర్లు రెండు నోటికి వచ్చి ఉండాలి.

4. 'ఏదైనా జరిగితే ఎవరు ఎక్కడ ఉండాలి' అన్నది ఇంట్లోవాళ్లతో ముందే అనుకోవాలి.

నాలుగో మాట మేం ఇప్పటికే పాటిస్తున్నాం. ఇప్పుడు ప్రతి ట్రంకు పెట్టె మూత లోపల ఇంటి నంబరు, వార్డెన్ గారి నంబరు రాసిన కాగితం అతికించి ఉంటుంది. ఏం జరిగినా పిల్లలు మైదానంలోని వేపచెట్టు కిందే ఉంటారని తల్లిదండ్రుల సమావేశంలో అందరికీ చెప్పాం. ఆ తండ్రి కూడా ఆ సమావేశానికి వచ్చాడు. వెళ్లేటప్పుడు వేపచెట్టు దాకా నడిచి వెళ్లి, దాన్ని ఒకసారి చూసి మరీ వెళ్లాడు.