అరచేతిలో ఇమిడే ప్రయోగశాల

రక్తంలోనో నీటిలోనో ఏ రసాయనం ఎంత ఉందో తేల్చాలంటే, కలిసిపోయిన పదార్థాలను ముందు విడదీయాలి, తర్వాత ఒక్కోదాన్ని గుర్తించాలి. ఈ రెండు పనులనూ చిన్న గాజు, సిలికాన్ లేదా ప్లాస్టిక్ పలక మీదే చేసే పరికరాన్ని ‘ల్యాబ్ ఆన్ చిప్’ అంటారు.

1979లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ టెర్రీ బృందం 5 సెంటీమీటర్ల సిలికాన్ బిళ్ల మీద 1.5 మీటర్ల కాలువను చుట్టలుచుట్టలుగా చెక్కి, వాయువులను వేరుచేసే క్రొమటోగ్రాఫ్‌ను తయారుచేసింది. అంత గొప్ప పనిని అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1990లో ఆండ్రియాస్ మాంజ్ అనే శాస్త్రవేత్త స్విట్జర్లాండ్‌లో ఈ ఆలోచనకు సిద్ధాంత బలం చేకూర్చాకే పరిశోధన ఊపందుకుంది.

ద్రవాల్లో కలిసిన పదార్థాలను విడదీయడానికి ఎక్కువగా వాడేది ఎలక్ట్రోఫోరెసిస్. విద్యుత్ పెడితే అణువులు తమ ఆవేశాన్నీ పరిమాణాన్నీ బట్టి వేర్వేరు వేగాలతో కదులుతాయి. కాలువ వెంట్రుకంత సన్నగా ఉంటే పుట్టిన వేడి గోడల గుండా వెంటనే పోతుంది కాబట్టి వోల్టేజీ బాగా పెంచొచ్చు. నిమిషాల పని సెకన్లలో అవుతుంది. చిక్కంతా గుర్తించడంలోనే. నమూనా అతి స్వల్పం, కాంతి దాటే మందమూ అంతే. అందుకే లేజర్ తగిలితే మెరిసే రంగులనో సూక్ష్మ ఎలక్ట్రోడ్లనో ఆశ్రయిస్తారు.

ఈ విద్య మనకు బాగా అక్కరకొచ్చే చోటు సికిల్ సెల్ రక్తహీనత. ఆంధ్ర, తెలంగాణ గిరిజన ప్రాంతాల్లోనూ ఉన్న వంశపారంపర్య వ్యాధి ఇది. 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్ 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది. అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ‘హీమ్‌చిప్’ ఇలాంటి పనికి ఉద్దేశించినదే. వేలి నుంచి తీసిన రక్తాన్ని పలుచన చేసి, చిప్‌లోని సెల్యులోజ్ ఎసిటేట్ కాగితం పట్టీ మీద సన్నని గీతలా అద్దుతారు. క్షార ద్రావణంలో విద్యుత్ పారగానే హిమోగ్లోబిన్ ధన ధ్రువం వైపు బయలుదేరుతుంది. సికిల్ రకం హిమోగ్లోబిన్ ‘ఎస్’లో ఒక అమైనో ఆమ్లం మారి రుణావేశం తగ్గుతుంది, అందుకే మామూలు రకమైన ‘ఎ’ కంటే వెనకబడుతుంది. పది నిమిషాల్లోపే ఎర్రటి చారలు విడిపోతాయి. హిమోగ్లోబిన్‌కు సొంత రంగు ఉండటం ఇక్కడ పెద్ద వరం. ‘ఎ’, ‘ఎస్’ రెండూ కనిపిస్తే ఆ మనిషి సాధారణంగా వాహకుడు. ‘ఎ’ లేకుండా ‘ఎస్’ కనిపిస్తే వ్యాధి ఉందని అనుమానించాలి.

అయితే హిమోగ్లోబిన్‌లో ‘సి’, ‘ఇ’, ‘ఎ2’ రకాలు ఒకే చోట ఆగుతాయి కాబట్టి వాటిని ఈ కాగితం విడిగా చూపలేదు. చిప్ అనుమానించిన రక్తాన్ని పెద్ద ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ (ద్రవ క్రొమటోగ్రఫీ) పరీక్షతో నిర్ధారించుకోవాల్సిందే.