మోటారుబండి స్ప్రింగులు: బిగువును సడలింపును



నేను ముప్పదియేండ్లకు పైగా హిందూపురము చుట్టుపట్టుల బడులలో తెలుగు చెప్పి విశ్రమించినవాడను. వ్యాకరణమును గూర్చియో పురాణమును గూర్చియో ముచ్చటింపవలసినవాడు మోటారుబండి క్రింద దూరి స్ప్రింగుల మాట ఎత్తినాడేమని మీకు నవ్వు రావచ్చును. ఒక తగవు తీర్పవలసివచ్చి నేను ఈ విద్యను కొంత నేర్చితిని. ఆ తగవే మొదట విన్నవించెదను.

మా అక్కగారు ధర్మవరమున నుందురు. డెబ్బదియేండ్లు దాటినవి. ఆమె కుమారుడు, అనగా నా మేనల్లుడు, బెంగుళూరులో ఉద్యోగి. అతడు రెండే తలుపులుగల పరుగుబండి నొకదానిని పాతదే కొనెను. ఇట్టిదానిని స్పోర్ట్స్ కారందురు. కొనుటతో తృప్తి పడక, కంపెనీవారు అమర్చిన స్ప్రింగులను, షాక్ అబ్జార్బర్లను తీయించి, ఎత్తును బిగువును మన యిష్టము వచ్చినట్లు మార్చుకొన వీలైన వేఱొక జతను బయట కొని వేయించెను. బండిని నాలుగు సెంటీమీటర్లు నేలకు దించి, బిగువు మరను కడదాక త్రిప్పి, తల్లి నెక్కించుకొని పెనుకొండ మీదుగా మా యింటికి బయలుదేరెను.

పెనుకొండ కోట క్రింద 44వ జాతీయ రహదారిమీద బండి పళ్లెములో పాదరసమువలె జారిపోయినదట. రహదారి విడిచి హిందూపురము దారి బట్టిన పిమ్మట ఒక పల్లెలో స్పీడు బ్రేకరు తగిలినది. ముందు చక్రములు ఎక్కి దిగినవి. అంతట బండి కడుపు గరగరమని దానిమీద ఒరసికొన్నది. అక్కగారు జానెడు లేచి కూలబడిరి. పదునైదు దినములు మంచము దిగలేదు. "ఒరే తమ్ముడూ, రోట్లో కూర్చున్నా ఇంతకంటే మేలురా" అని ఆమె. "మామా, బండి తప్పేమీ లేదు, ఆ దిమ్మ కట్టినవాళ్లది తప్పు" అని వాడు. తల్లీకొడుకులు మాటలు మానుకొని, తీర్పునకు నాయొద్దకు వచ్చిరి. మీ గ్రామములలో గట్టు తగవులు తీర్చు మీకు తెలియనిదేమున్నది? ఇరువురి మాట వినుటకు ముందు పొలము చూడవలెను. నేనును బండి క్రిందికి వంగి చూచితిని.

బండికి స్ప్రింగు వేఱు, షాక్ అబ్జార్బరు వేఱు. చాలమంది రెండింటిని ఒక్కటే యనుకొందురు. బరువు మోయునది స్ప్రింగు. ఊగును మాన్పునది షాక్ అబ్జార్బరు. మన జట్కాబండికిని, లారీకిని క్రిందనుండు కమాను పట్టీలు స్ప్రింగులే. 1804 ప్రాంతమున ఇంగ్లండులో ఎలియట్ అనునతడు గుర్రపుబండ్లకు కోడిగ్రుడ్డు ఆకారపు కమానులు పెట్టుట నేర్పెను. అంతకుముందే 1678లో రాబర్ట్ హుక్ అను శాస్త్రజ్ఞుడు, ఎంత బరువు వేసిన స్ప్రింగు అంతకు తగినంతయే సాగునని ప్రకటించెను. చింతపండు మండీలో వ్రేలాడు స్ప్రింగుకాటా ఈ ధర్మము మీదనే నడచుచున్నది.

స్ప్రింగు మెత్తనిదో గట్టిదో తెలిసికొనుటకు ఇంటిలోనే చేయదగిన పరీక్ష యొకటి కలదు. బండి బరువునకు స్ప్రింగు 25 సెంటీమీటర్లు కుంగినచో, ఆ బండి గతుకు తగిలినప్పుడు సెకనునకు ఒక్క మారు ఊగును. 25 సెంటీమీటర్ల దారమునకు ఱాయి కట్టి ఊపినను సరిగా అంతే కాలము పట్టును. 16 సెంటీమీటర్ల దారము నాలుగు సెకనులలో అయిదు మారులు ఊగును. సుఖముగా పోవు సంసారపు కార్లు ఈ ప్రాంతముననుండును. 6 సెంటీమీటర్ల దారము సెకనునకు రెండు మారులు ఊగును. నా మేనల్లుడు వేయించిన స్ప్రింగులు ఈ జాతివి. దారమును మూరెడు తీసికొని క్రమముగా పొట్టిచేయుచు మనుమలచేత ఊపించి చూడుడు. మెత్తని బండికిని గట్టి బండికిని గల భేదము కన్నులకు కట్టును. మన శరీరము సెకనునకు నాలుగు మొదలు ఎనిమిది మారుల వఱకు గల నిలువు అదురును ఎక్కువగా సహింపజాలదు. స్ప్రింగు గట్టిపడినకొలది మార్గపు చిన్న గరుకు సయితము ఆ అదురుగా వెన్నెముకకు చేరును.

ఇక షాక్ అబ్జార్బరు. మెత్తని స్ప్రింగు ఒక్కటే యున్నచో గతుకు దాటిన పిదపకూడ బండి ఉయ్యాలవలె ఊగుచునే యుండును. హోలీ పండుగకు పిల్లలు రంగునీళ్లు చిమ్ము చిమ్మనగ్రోవిని తలచుకొనుడు. మెల్లగా నొక్కిన నీరు సులభముగా వచ్చును. గట్టిగా వేగముగా నొక్కిన అది ఎదురు తిరుగును. షాక్ అబ్జార్బరు నూనె నిండిన చిమ్మనగ్రోవియే. నూనె బయటికి పోదు, లోపలి సన్నని రంధ్రములగుండ అటునిటు పోవుచు ఊగులోని బలమును వేడిగా మార్చివేయును. దూరప్రయాణమైన పిమ్మట దానిని ముట్టుకొనిన వెచ్చగా నుండుట అందుచేతనే.

బిగువు మార్చుకొన వీలగు జతలో ఆ రంధ్రమును సన్నగిలజేయు సూదివంటి మర యొకటి యుండును. దాని పిడి త్రిప్పినకొలది టిక్కు టిక్కుమని మెట్లు పడును. హాలండు దేశమున 1857లో గుర్రపు జీనులు కుట్టుటకు ప్రారంభమైన కోనీ అను సంస్థ కాలక్రమమున షాక్ అబ్జార్బర్ల తయారీకి మరలి, ఇట్టి సర్దుబాటు గలవానికి పేరుగాంచినది. గుర్రముపై కూర్చున్నవాని నడుమును కాపాడినవారే కారులో కూర్చున్నవాని నడుమునకును పూనుకొనిరన్నమాట.

ఆ పిడిని కడదాక బిగించినచో మంచిదని కుఱ్ఱవారి నమ్మకము. కాదు. గుంత దాటగానే చక్రము వెంటనే క్రిందికి దిగి నేలను తాకవలెను. నూనెదారి మరీ సన్నమైనచో చక్రము దిగులోపల రెండవ గుంత వచ్చును. మరల పైకి నొక్కబడును. మూడవ గుంతకు ఇంకను పైకి. ఇట్లు వరుసగా గతుకులు గల దారిలో బండి మెట్టుమెట్టుగా కుంగి, తుదకు లోపలి రబ్బరు దిమ్మపై కూర్చుండును. అప్పటినుండి ఆ బండికి స్ప్రింగులు ఉన్నను లేనట్లే. అక్కగారికి జరిగిన ఉపద్రవములో సగము ఇదియే.

ఎత్తు సంగతి మఱియొకటి. ఈ జతలో స్ప్రింగు కూర్చుండు పళ్లెము మరచుట్లుగల గొట్టముమీద అమరియుండును. పళ్లెమును క్రిందికి త్రిప్పిన బండి దిగును, మీదికి త్రిప్పిన లేచును. పళ్లెమును పైకి త్రిప్పి స్ప్రింగును నొక్కినచో స్ప్రింగే గట్టిపడునని నా మేనల్లుడు నాతో వాదించెను. నేను వానిని మండీకి తీసికొనిపోయి స్ప్రింగుకాటాను తక్కువ ఎత్తున ఒకమారు, పై దూలమునకు ఒకమారు వ్రేలాడగట్టించి అదే బుట్టను తూచి చూపితిని. కాటా ఎక్కడ కట్టినను తూకము మారునా? బండి ఎత్తు మారినదేకాని స్ప్రింగు గుణము మారలేదు. గట్టి స్ప్రింగు కావలెనన్న వేఱు స్ప్రింగు వేయవలసినదే. వాడు కొంతసేపు బుట్టవంక చూచి "అవును మామా" అనెను. బడిలో నలుబదిమందికి సంధి బోధించినప్పుడు కలుగని తృప్తి నాకు ఆ దినము కలిగినది.

మఱి నేలకు దించుట ఎందులకు? దానికి న్యాయమైన కారణము కలదు. వేరుసెనగ కట్టెను ఆకాశమంత ఎత్తు పేర్చిన బండి మలుపులో ఒరిగినట్లు, అంతే బరువుగల ఱాళ్ల బండి ఒరుగదు. బరువు నేలకు దగ్గరైనకొలది మలుపులో బయటి చక్రములమీద పడు భారము తగ్గును. నాలుగు చక్రములును నేలను బాగుగా పట్టును. పందెపుబాటమీద ఇది ప్రాణప్రదము. కాని దించుటతోనే స్ప్రింగు కుంగుటకు మిగిలిన చోటు తగ్గును. ఏడు సెంటీమీటర్లు కుంగ వీలున్న బండిని నాలుగు దించినచో మూడే మిగులును. మూడింటిలో పని ముగియవలెనన్న స్ప్రింగు గట్టిది కావలెను. గట్టి స్ప్రింగునకు తగినట్లు నూనెదారి బిగువు కావలెను. ఒకటి మార్చిన తక్కినవన్నియు మార్చవలసి వచ్చును. ఇంతేకాక, ఎత్తు మారినప్పుడెల్ల చక్రముల వాలు, ముక్కుసూటి సరిచూపింపవలెను. లేనిచో టైర్లు ఒక ప్రక్క అరిగిపోవును.

కంపెనీవారు ఈ లెక్క లెఱుగనివారు కారు. మన పెనుకొండ మండలములోని ఎఱ్ఱమంచిలో కియావారి కర్మాగారమునకు 2017లో ఒడంబడిక జరిగినది. 2019లో సెల్టోస్ అను బండి అందుండి వెలువడినది. దాని ముందు చక్రములకు స్ప్రింగును షాక్ అబ్జార్బరును ఒక్క కంబముగా కూర్చిన అమరిక యున్నది. 1940వ దశకమున మెక్‌ఫర్సన్ అను అమెరికా ఇంజనీరు దానిని రూపొందించెను. 1950లో ఇంగ్లండు ఫోర్డు బండ్లలో వచ్చెను. వెనుక చక్రములను మెలిపడుటకు వీలగు అడ్డదూలమొకటి కలుపును. ఆ బండి పందెమునకు కాదు; ఒంటరివాడెక్కినను, సామానుతో అయిదుగురెక్కినను, మంచి రోడ్డయినను, చెడురోడ్డయినను చెల్లుబాటు కావలెను. అందుచేత అన్నింటికిని నడిమి మేర నిర్ణయింతురు. పరుగుబండి కంపెనీవారును తమ మేర తాము నిర్ణయించియే యుందురు. మార్చువాడు వారు దేనికొఱకు దేనిని వదలుకొనిరో ముందు గ్రహింపవలెను.

చట్టము మాటకూడ చెప్పవలెను. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారులు మొదట నిర్దేశించినదానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు దీనిని గట్టిగా పలికినది. ఆ సంవత్సరమే చట్టమును సవరించి, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి అయిదువేల రూపాయల జరిమానాగాని, ఆరునెలల వఱకు ఖైదుగాని, రెండునుగాని విధింపవచ్చునని చేర్చిరి. ఎత్తు తగ్గించు జత ఈ చిక్కులో పడునని న్యాయవాదియైన మిత్రుడొకడు చెప్పగా నా మేనల్లుని ముఖము చిన్నబోయినది. పాత జతను మరల వేయించి, క్రొత్తదానిని పెట్టెలో కట్టి, చెన్నపట్టణము చెంత ఇరుంగట్టుకోట్టైలోని పందెపుబాటకు పోవునాటికి ఉంచుకొనెను. అక్కగారు ఇప్పుడు ఆ బండి యెక్కుచున్నారు. వెనుక దిండు మాత్రము విడువలేదు.

తీర్పులో సగము ఇంకను మిగిలినది. వాడు దిమ్మను నిందించెను గదా. నేను టేపు తీసికొని ఆ పల్లెకు పోతిని. పెద్దలు రచ్చబండమీద కూర్చుండబెట్టి జరిగినది చెప్పిరి. బడినుండి వచ్చు పిల్లవానిని ఒక బండి కొట్టి కాలు విఱుచుటచే, ఊరివారే ఆ రాత్రి సిమెంటు కలిపి దానిని కట్టిరట. వారిని తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు. కొలిచితిని: వెడల్పు మూర మాత్రము, ఎత్తు ఏడంగుళములు.

భారత రోడ్ల కాంగ్రెసువారి నియమమున గుండ్రని స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండవలెను. గంటకు 25 కిలోమీటర్ల వేగమునకు అది తగినది. ముందు వెనుక చక్రముల నడుమ రెండున్నర మీటర్లుగల బండి దానిపై నడుమకు వచ్చినపుడు రెండు జతల చక్రములును దిమ్మమీదనే యుండును. అందుచే బండి కడుపు క్రింద తగ్గు చోటు సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు మాత్రమే. మూరెడు దిమ్మమీద చక్రములు రెండువైపుల నేలమీద నుండగా ఏడంగుళములును కడుపులోనికే వచ్చును. దించిన పరుగుబండియే కాదు, నిండు చూలాలిని ఎక్కించుకొనిన ఆటోగూడ అక్కడ బాధపడును. కాలిబాట పిల్లలకు మాత్రము వెడల్పైన దిమ్మయు అంతే రక్షణ నిచ్చును. ఏలనన వేగముగా వచ్చువానిని అదియు ఎగురవేయును.

ఆ పెద్దలకు నేను పలకమీద గీచి చూపిన కొలతలు మీరును వ్రాసికొనుడు. నడుమ 10 సెంటీమీటర్లు; నడుమనుండి ఇరువైపుల అర మీటరు దూరమున 9.3, ఒక మీటరున 7, ఒకటిన్నర మీటరున 3.4, అచ్చటినుండి నేలలో కలియవలెను. వడ్రంగిచేత ఈ వంపున పలక యొకటి కోయించి, సిమెంటు ఆరకముందే దానితో దువ్వించినచో వంపు తప్పదు. దిమ్మకు తెల్ల చారలు, ముందు హెచ్చరిక పలక అవసరము. రోడ్డు శాఖవారి అనుమతి తీసికొనుటకు అర్జీ నేనే వ్రాసి యిచ్చితిని. పలకను మా వీధి వడ్రంగి కోయుచున్నాడు. పని జరుగు దినమున నా మేనల్లుడు తన బండితో వచ్చి దానిమీద మొదట తానే ఎక్కి దిగెదనని ఒప్పుకొనినాడు. అక్కగారు తానును అందులో కూర్చుండెదనని పట్టుబట్టుచున్నారు.