అన్ని మెట్లూ సమానమేనా?



ఇల్లు కట్టేటప్పుడు ఇంటివాళ్ళు మనల్ని అడిగేవి కొన్నే. వంటగట్టు ఎంత ఎత్తు ఉండాలి, దేవుడి అర ఏ మూల రావాలి, గూళ్ళు ఎన్ని కావాలి. మెట్ల సంగతి వచ్చేసరికి "అది మేస్త్రీ చూసుకుంటాడులే" అంటారు, మనమూ సరే అంటాం. కానీ ఆ మెట్లు రోజుకు పదిమార్లు ఎక్కి దిగేది ఎవరండీ? ఒక చేత తడిబట్టల బకెట్టు, చంకలో చంటిపిల్ల, కాళ్ళకు అడ్డంపడే చీర కుచ్చిళ్ళు! అందుకని ఈవేళ మెట్ల గురించీ, వాటి పక్కన ఉండవలసిన రెయిలింగు గురించీ నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఇది చిన్న విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన లెక్క ప్రకారం, పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. అందరూ మెట్ల మీంచి పడినవారే కాదనుకోండి. అయినా ఇంట్లో కాలుజారే చోట్లలో మెట్లు ముఖ్యమైనవి. అందులోనూ ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే అపాయం ఎక్కువ.

మన దేశంలో ఇళ్ళు ఎలా ఉండాలో చెప్పే జాతీయ భవన నియమావళి మొదట 1970లో వచ్చింది. తరువాత 1983, 2005, 2016లలో దాన్ని మార్చి రాశారు. అది దానంతట అదే చట్టం కాదు. రాష్ట్రాలు తమ నిబంధనలను దాన్ని ఆధారం చేసుకుని రాసుకుంటాయి. అందులో ఇళ్ళ మెట్లకు చెప్పిన కొలతలు ఇవీ. ఒక్కో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు మించకూడదు. పాదం పెట్టే చోటు 250 మిల్లీమీటర్లకు, అంటే పది అంగుళాలకు తగ్గకూడదు. మెట్ల దారి వెడల్పు ఒక మీటరు ఉండాలి.

ఈ అంకెల వెనక మన నడకే ఉంది. 1675 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు వాస్తుశిల్పి బ్లాండెల్ ఒక సూత్రం చెప్పాడు. మెట్టు ఎత్తును రెండింతలు చేసి, దానికి పాదం పెట్టే చోటు కలిపితే మనిషి ఒక అడుగు వేసేంత దూరం రావాలి. అంటే సుమారు రెండడుగులు. మన 190 రెట్టింపు 380, దానికి 250 కలిపితే 630 మిల్లీమీటర్లు. రెండడుగుల పైన కొంచెం. చూశారా, ఎంత సరిగ్గా కుదిరిందో!

కొలతల కంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. అన్ని మెట్లూ ఒకే ఎత్తు ఉండాలి. మొదటి రెండు మెట్లు ఎక్కగానే కాలికి లెక్క తెలిసిపోతుంది. ఆ తరువాత మనం మెట్లను చూడం, కాలు దానంతట అదే లేస్తుంది. మధ్యలో ఒక్క మెట్టు అర అంగుళం తేడా వచ్చినా తట్టుకుంటాం. న్యూయార్కులో భూగర్భ రైలు స్టేషను ఒకదానిలో ఒకే ఒక్క మెట్టు కాస్త ఎత్తు ఎక్కువ. వచ్చేవారు వచ్చేవారు అక్కడే తట్టుకోవడం 2012లో ఒకాయన చిత్రం తీసి చూపిస్తే, అధికారులు ఆ మెట్టు సరిచేయించారు. అమెరికా ఇళ్ళ నియమాల్లో ఒకే వరస మెట్ల మధ్య ఎత్తు తేడా అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు దాటకూడదని ఉంది.

మరి మన ఇళ్ళలో ఈ తేడా ఎక్కడ వస్తుంది? సిరిసిల్ల జిల్లా వీర్నపల్లిలో మా ఆడపడుచు వాళ్ళు కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు. స్లాబు అయింది, మెట్లు పోశారు, బండలు ఇంకా వేయలేదు. టేపు పెట్టి కొలిస్తే ప్రతి మెట్టూ 7 అంగుళాలే. "చూసినవా వదినె, సుతారాయన ఎంత లెక్కగ కట్టిండో" అంది.

"బాగానే ఉంది. కింద గదిలో బండలు వేస్తే నేల ఎంత లేస్తుంది?" అన్నాను.

"రెండించులు."

"మెట్ల మీద గ్రానైటు వేస్తే?"

"ఒకటించు."

ఇప్పుడు లెక్క చూడండి. నేల రెండంగుళాలు లేచింది, మెట్టు ఒకటే లేచింది. కాబట్టి మొదటి మెట్టు 6 అంగుళాలకు దిగింది. పైన నేల రెండు లేచింది, దాని కింది మెట్టు ఒకటే లేచింది. కాబట్టి చివరి మెట్టు 8 అయింది. మధ్యవన్నీ 7. సుతారి తప్పు లేదు, ఆయన పోసినవి సమానమే. తేడా తెచ్చింది బండలు. అదృష్టం కొద్దీ అక్కడ ఇంకా సమయం ఉంది. మెట్ల మీద కూడా బండ, కింది మాలు కలిపి రెండంగుళాలు వచ్చేట్టు వేయమని చెప్పాం. అన్నీ 7 అంగుళాలకు వచ్చేస్తాయి. మీరైతే మెట్లు పోయక ముందే, బండలు వేశాక నేల ఎక్కడికి వస్తుందో గోడ మీద గీత గీయించండి. కింది గీత నుంచి పై గీత దాకా కొలిచి సమంగా పంచమనండి. 10 అడుగుల 6 అంగుళాల ఎత్తుకు 17 మెట్లు చేస్తే ఒక్కోటి 7.4 అంగుళాలు వస్తుంది. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలనే పట్టింపు ఉన్నా, అదీ కుదిరింది కదా! లెక్క కోసం ఒక మెట్టు పెంచి, ఒకటి తగ్గించి సర్దనివ్వకండి.

ఇక రెయిలింగు. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల వైపు గల్ఫు నుంచి డబ్బు వచ్చినప్పుడల్లా కొంత కొంత కట్టిన ఇళ్ళు ఎన్నో. గృహప్రవేశం అయిపోతుంది, రెయిలింగు మాత్రం "వచ్చే ఏడు చూద్దాం" అని మిగిలిపోతుంది. పిల్లలు మాత్రం వచ్చే ఏడు దాకా ఆగుతారా? ఇనుప కమ్మీలు పెట్టేదాకా కనీసం గట్టి వెదురు బొంగులైనా కట్టించండి. అది తాత్కాలికమే సుమా.

రెయిలింగు ఎత్తు మెట్టు మీంచి మూడడుగులకు తగ్గకూడదు, మీటరు ఉంటే ఇంకా మంచిది. మేడ మీద పిట్టగోడ కూడా మీటరుకు తగ్గనీయకండి. పైన పట్టుకునే గొట్టం గుప్పిట్లో ఇమడాలి. ఇప్పుడు అడ్డంగా పైపులు వేసిన స్టీలు రెయిలింగులు ఫ్యాషను. పసిపిల్లలకు అవి నిచ్చెన. నిలువు కమ్మీలే వేయించండి. కమ్మీల మధ్య సందు నాలుగంగుళాల లోపు ఉండాలి. ఇంగ్లండు నియమం ప్రకారం 100 మిల్లీమీటర్ల బంతి ఆ సందులోంచి దూరకూడదు. ఎందుకంటే పసివాడి ఒళ్ళు దూరే సందులో తల ఇరుక్కుపోవచ్చు. ఇంట్లో నాలుగంగుళాల అడ్డకొలత ఉన్న గిన్నె పెట్టి చూడండి. అది దూరిందంటే మధ్యలో ఇంకో కమ్మీ కావాలి.

నున్నని గ్రానైటు మీద నీళ్ళు పడితే కాలు నిలవదు. మెట్టు అంచున గరుకు గీతలు కోయించండి. దీపానికి కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి పెట్టించండి. చెప్పులు, ఉల్లిపాయల బుట్ట మెట్ల మీద పెట్టకండి.

పట్టణాల్లో చిన్న ఇళ్ళకు 2020 చట్టం ప్రకారం యజమాని స్వీయ ధ్రువీకరణ మీదనే అనుమతి ఇస్తారు. అంటే ముందుగా వచ్చి మీ మెట్లు కొలిచేవారు ఉండరు. ఆ కొలిచేది మీరే. ఇల్లు ఎప్పుడో కట్టేసినా సరే, ఈవేళే టేపు తీసి కింది మెట్టు, పై మెట్టు కొలవండి. తేడా ఉంటే ఆ మెట్టు అంచుకు కొట్టొచ్చినట్టు రంగు వేయించండి. చూసే కన్ను కాలిని హెచ్చరిస్తుంది. సెలవు.