పలక మీద ఢిల్లీ వ్రాతలు

గత నెలలో ఒక సాయంత్రం అశోకా రోడ్డులోని ఆంధ్ర భవన్ భోజనశాలలో ఒక తెలుగు యువకుడు నా ఎదుట కూర్చుని, పప్పన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, సంచిలోనుంచి ఒక ట్యాబును తీసి బల్లమీద పెట్టాడు. అతడు ఇక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాడు. మిగిలిన వేళల్లో పార్లమెంటు స్థాయీ సంఘాల నివేదికలను చదివి, వాటి సారాన్ని తెలుగులో వ్రాసి, తన పేరిట ఇంటర్నెట్టులో ప్రకటిస్తుంటాడు. అతడికి కార్యాలయం లేదు, ఉపసంపాదకుడు లేడు, జీతమూ లేదు. ఆ పలకే అతడి పత్రిక.

"గురువుగారూ, ఇది కొని ఆరు నెలలయింది. ఇంగ్లీషులో గంటలో ముగిసే వ్యాసం తెలుగులో మూడు గంటలు పడుతోంది. తప్పు నాదా, దీనిదా?" అని అడిగాడు.

ప్రశ్న చిన్నదే గాని, దానికి నేను అక్కడ చెప్పిన సమాధానం నాకే తృప్తి కలిగించలేదు. రాజధానిలో కూర్చుని తెలుగులో వ్రాయడమెలా అన్న చిక్కు ట్యాబుతో పుట్టినది కాదు. నేను 1980 దశకం మధ్యలో ఈ నగరానికి వచ్చిన నాటికి ఢిల్లీ నుంచి తెలుగు పత్రికలకు వార్త వెళ్ళేందుకు రెండే మార్గాలు. ఇంగ్లీషులో వ్రాసి పంపితే అక్కడివారు అనువదించుకోవాలి. లేదా తెలుగును రోమను లిపిలో టెలిప్రింటరుమీద కొట్టాలి. హిందీకి 1982లో యూనివార్తా, 1986లో పీటీఐ భాషా వచ్చాయి. తెలుగుకు ఇంగ్లీషు ఇరవైయారు అక్షరాలే గతి. వాటిలో 'ల'కు, 'ళ'కు తేడా లేదు. హ్రస్వదీర్ఘాల పాటింపు కొట్టేవాడి ఓపికనుబట్టి ఉండేది. ఒకసారి ఒక కేంద్రమంత్రి కళలను ప్రోత్సహిస్తామని అన్నారు. మరునాడు 'కలలను ప్రోత్సహిస్తాం' అని అచ్చయింది. ఖండన రాలేదు.

ఈ పాత ముచ్చట ఊరికే చెప్పడం లేదు. ఆ యువకుడు తన పలకమీద వ్రాస్తున్న తీరును నేను కొంతసేపు గమనించాను. అతడు అద్దంమీద ఇంగ్లీషు అక్షరాలను వేలితో పొడుస్తున్నాడు. యంత్రం ఊహించి తెలుగు మాటను ముందుంచుతున్నది. అది సరైనది కాకపోతే వెనక్కు వెళ్ళి, జాబితాలో వెదకి, మరొకటి ఎంచుకుంటున్నాడు. అంటే నలభై ఏళ్ళ కిందటి టెలిప్రింటరు తెలుగు మళ్ళీ వచ్చి చేరింది. ఆనాడు ఊహించే పని విజయవాడలోనో హైదరాబాదులోనో ఉన్న ఉపసంపాదకుడిది, ఈనాడు యంత్రానిది. కళలు కలలయ్యే ప్రమాదం మాత్రం చెక్కు చెదరలేదు. మూడు గంటలలో రెండు గంటలు ఈ ఊహల బేరానికే పోతున్నాయి.

నివారణ మన ప్రభుత్వమే ఏనాడో ఏర్పాటు చేసింది. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో భారతీయ లిపులన్నింటికీ ఒకే మీటల అమరికను రూపొందించింది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దానిని ప్రమాణంగా స్వీకరించింది. దాని పేరు ఇన్‌స్క్రిప్టు. గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వస్తాయి. ఇంగ్లీషు 'కే' ఉన్న మీట నొక్కితే తెలుగులో క, హిందీలోనూ క, తమిళంలోనూ క. 'డి' మీట పొల్లు. రెండు హల్లుల మధ్య దానిని నొక్కితే ఒత్తు పడుతుంది. రాష్ట్రపతి అన్న మాటకు దీనిలో పది మీటలు చాలు. రోమను లిపిలో పన్నెండు కావాలి, ఆపైన ఊహల జాబితా. రెండు మీటల ఆదా ఏపాటిది అనవచ్చు. అసలు లాభం అది కాదు. నొక్కినదే పడుతుందన్న నమ్మకంతో కన్ను వేళ్ళను వదలి వాక్యాన్ని చూస్తుంది. హిందీలో వచ్చే ప్రభుత్వ ప్రకటనలతో కుస్తీపట్టే ఢిల్లీ విలేఖరికి అదే వేళ్ళవాటంతో హిందీ కూడా చేతికి వస్తుంది. నేర్చుకోవడానికి రోజుకు అరగంట చొప్పున నాకు నెల పట్టింది. కుర్రవాళ్ళకు అంత పట్టదు.

అయితే ఇదంతా అద్దంమీద సాగదు. వేలికి మీట అంచు తగలకపోతే చూడకుండా కొట్టడం అసాధ్యం. అందుచేత పలకకు తోడుగా తీగలేని కీబోర్డు ఒకటి, పలకను కంటి ఎత్తుకు నిలబెట్టే పీట ఒకటి తప్పనిసరి. పలకను ఒడిలో పెట్టుకుని మెడ వంచి రెండు వేల మాటలు వ్రాసినవారు నొప్పుల డాక్టరును వెతుక్కుంటారు, ఇది స్వానుభవం. కీబోర్డు కొనేముందు దుకాణంలోనే దానిని పలకకు కలిపి, తెలుగులో 'క్షేత్రజ్ఞుడు' అని కొట్టి చూడాలి. తెలుగు వస్తుందని అట్టపెట్టెమీద ఉన్నంత మాత్రాన ఇన్‌స్క్రిప్టు అమరిక అన్ని కీబోర్డులతోనూ పలుకుతుందన్న భరోసా లేదు.

జ్ఞ అన్నాను గనుక ఒక సంగతి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరపు ఒకానొక కూర్పు సందేశంగా వస్తే ఆపిల్ సంస్థ ఫోనులు, పలకలు కుప్పకూలాయి. ప్రపంచ పత్రికలన్నీ ఒక తెలుగు అక్షరాన్ని నిందితురాలిగా నిలబెట్టాయి. కొద్ది రోజులకే ఆ సంస్థ లోపాన్ని సవరించింది. తప్పు అక్షరానిది కాదు. అంతటి కోట్లాది జనం భాషను సరిగా పరీక్షించకుండా యంత్రాన్ని అంగడికి తెచ్చినవారిది. ఆనాటి కూర్పులో కంటికి కనిపించని ఒక గుర్తు ఉంది. పొల్లు తరువాతి హల్లు కిందికి దిగి ఒత్తుగా మారకుండా ఆపేది అదే. 'ఇన్‌స్క్రిప్టు' అన్న పేరు వ్రాయడానికే అది కావాలి. చాలా పలకల తెలుగు మీటలలో అది ఎక్కడుందో కనిపించదు. అందువల్లనే 'పార్లమెంట్లో' వంటి రూపాలు తెరలమీద ఇంతగా వ్యాపించాయి. దీనికి నాకు తోచిన ఉపాయం పాతదే. మన పెద్దలు పార్లమెంటు, కోర్టు, బడ్జెట్టు అని పరభాషా పదాలకు కూడా చివర అచ్చు చేర్చి పలికేవారు. పార్లమెంటులో అని వ్రాస్తే కనిపించని గుర్తుతో పని లేదు.

నోటితో చెప్పి వ్రాయించే సదుపాయం తెలుగుకు 2017లో వచ్చింది. మెట్రో రైలులో వస్తూ వ్యాసపు మొదటి ముసాయిదా చెప్పేయవచ్చని దీనిని మెచ్చుకునేవారున్నారు. నాకు అది సరిపడలేదు. నోరు నడిచినట్లు వాక్యం నడిస్తే అది ఉపన్యాసమవుతుంది గాని వ్యాసం కాదు. పైగా పేర్లు తారుమారవుతాయి. ఎవరో నమ్మి చెప్పిన మాటను పదిమంది మధ్య పైకి వల్లించడం కూడా వృత్తిధర్మం కాదు.

ఢిల్లీకి పలక కొత్తది కాదు. 2011 అక్టోబరు 5న నాటి మానవవనరుల మంత్రి కపిల్ సిబల్ 'ఆకాశ్' అనే చవక పలకను ఇక్కడే ఆవిష్కరించారు. ప్రభుత్వానికి పడిన ధర రూ. 2,276. ఏడంగుళాల తెర, వేలు గట్టిగా అదిమితే గాని పలికేది కాదు. హైదరాబాదులో కూర్చిన ఆ పలక విద్యార్థులందరికీ చేరుతుందన్నారు. కొన్నేళ్ళకే ఆ పథకం మాట వినిపించడం మానింది. 2021 ఫిబ్రవరి 1న నిర్మలా సీతారామన్ ఎర్రని వస్త్రపు అరలో పలకను తెచ్చి, కాగితం లేకుండా బడ్జెట్టు చదివారు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచింది. ఈ మూడు సందర్భాలలోనూ పలక చదువుకునే సాధనంగానే మన ముందుకు వచ్చింది. దానిమీద పౌరుడు తన భాషలో వ్రాయగలడా అన్న ప్రశ్న ఎవరికీ ముఖ్యంగా తోచినట్లు లేదు.

వ్రాసేవాడికి మాత్రం పలక ఒక సౌకర్యం నిజంగా కల్పించింది. తెరను రెండుగా చీల్చి, ఒకవైపు నివేదికనో తీర్పునో తెరచి, రెండోవైపు వ్రాసుకోవచ్చు. లోగడ ఇదే పనికి నా బల్లమీద మూడు కట్టల కాగితాలు, వాటిమీద ఎగిరిపోకుండా మూడు బరువులు ఉండేవి. సంఘం నివేదికలోని అంకెను నేరుగా పక్కకు దించుకోవడంవల్ల అంకెల తప్పులు తగ్గాయి. తగ్గాయన్నానే గాని పోయాయనలేదు.

ఇక అన్నింటికన్నా గట్టిగా ఆ యువకుడికి చెప్పినది వేరు. అతడు వ్యాసాన్ని ప్రచురించే సంస్థవారి పుటలోనే, ఇంటర్నెట్టు తెరచి ఉంచి, నేరుగా వ్రాస్తున్నాడు. నేనూ ఒకప్పుడు అలాగే చేసి లక్నో రైలులో మూడు గంటల శ్రమను పోగొట్టుకున్నాను. అలీగఢ్ దాటాక సంకేతం పోయింది. పంపు అని నొక్కగానే పుట తెల్లబోయింది, నేనూ తెల్లబోయాను. నాటినుంచి పలకలోని సొంత నోటుపుస్తకంలో వ్రాసి, ముగిశాకనే పుటలోకి ఎక్కిస్తున్నాను. మరొక ప్రతిని చిటికెన వేలంత పెన్‌డ్రైవులో ఉంచుకుంటున్నాను.

రైలులో పోయినది సంకేతం. ప్రభుత్వ ఉత్తర్వుతో పోయిన సందర్భాలు మన ఉపఖండంలో తక్కువ కాదు. 2019 ఆగస్టు 5 నాటికి కశ్మీరు లోయలో ఫోను, ఇంటర్నెట్టు రెండూ మూగబోయాయి. శ్రీనగరులో ఒక హోటలులో ప్రభుత్వం ఏర్పాటు చేసిన కేంద్రంలోని నాలుగైదు కంప్యూటర్ల ముందు పాత్రికేయులు వరుస కట్టారు. కొందరు తమ వార్తలను పెన్‌డ్రైవులలో ఢిల్లీ విమానమెక్కే ప్రయాణికుల చేతికిచ్చి పంపారు. అనూరాధా భసీన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరి 10న ఇంటర్నెట్టు ద్వారా భావ ప్రకటనకు రాజ్యాంగ రక్షణ ఉన్నదని, నిరవధికంగా దానిని నిలిపివేయడం చెల్లదని తీర్పు చెప్పింది. లోయలో పూర్తివేగపు మొబైలు సేవలు తిరిగి వచ్చినది 2021 ఫిబ్రవరిలో. బంగ్లాదేశ్‌లో 2024 జూలై 18 రాత్రి దేశమంతా ఇంటర్నెట్టు ఆగింది. మొబైలు సేవలకు పది రోజులు పట్టింది. నేపాలు ప్రభుత్వం 2025 సెప్టెంబరు 4న ఇరవైయారు సామాజిక మాధ్యమాలను మూయించింది. 8న వీధులలో కాల్పులు జరిగి పందొమ్మిదిమంది మరణించారు. మరునాడు ప్రధాని ఓలీ రాజీనామా చేశారు. ఆ నాలుగు రోజులలో వ్రాతలన్నీ ఆ మాధ్యమాల పుటలలోనే దాచుకున్నవారికి తమ సొంత మాటలు తమకే అందలేదు.

పలకనే పట్టుకుపోతే? 2023 అక్టోబరు 3న న్యూస్‌క్లిక్ కేసులో ఢిల్లీ పోలీసులు అనేకమంది పాత్రికేయుల ఇళ్ళను సోదా చేసి, ఫోనులు, కంప్యూటర్లు తీసుకువెళ్ళారు. తరువాతి నెలలో, పాత్రికేయుల పరికరాల స్వాధీనానికి మార్గదర్శకాలు ఉండాలని సుప్రీంకోర్టు కేంద్రానికి సూచించింది. పలకలో వ్యాసం ఒక్కటే ఉండదు. ఎవరితో మాట్లాడామో, ఎవరు ఏ కాగితం ఇచ్చారో, అంతా ఉంటుంది. బల్ల, బీరువా, చిరునామాల పుస్తకం ఒకే అద్దంలో ఇమిడిపోవడమే దాని సుగుణం, దాని ప్రమాదం కూడా. నేను ఇప్పటికీ సమాచారమిచ్చిన వారి పేర్లను పలకలోకి ఎక్కించను. అవి అర్ధరూపాయి సైజు అక్షరాలతో నాకు తప్ప మరెవరికీ బోధపడని ఒక కాగితపు డైరీలో ఉంటాయి. ఆ యువకుడు దీనిని విని నవ్వాడు. తరువాత రోజు రఫీ మార్గులో ఒక డైరీ కొన్నాడని తెలిసింది.

మొన్న ఆదివారం అతడే ఫోను చేశాడు. ఇన్‌స్క్రిప్టు పట్టుబడుతున్నదట; వ్యాసానికి గంటన్నర పడుతున్నదట. "గురువుగారూ, బండి ఱ ఎక్కడుందో దొరకడం లేదు" అన్నాడు. ర ఉన్న మీటమీదనే, షిఫ్టుతో కలిపి నొక్కమన్నాను. పార్లమెంటు నివేదికలో బండి ఱతో నీకేం పని అని అడిగితే, నివేదికకు కాదు, ఊళ్ళో తాతగారికి వ్రాస్తున్న ఉత్తరానికట. ఆయన ఱ లేకపోతే తప్పు పడతారట.